షాంఘైలో దర్జాగా తిరగాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

షాంఘైకి టికెట్ తీసుకున్నవాళ్లకు చూడాల్సిన చోట్ల జాబితా ఎక్కడైనా దొరుకుతుంది. నన్ను అడిగేవి వేరే రకం: ఏం వేసుకోవాలి, ఎక్కడ కూర్చోవాలి, చిపావ్ (ఒంటికి అతికినట్టుండే చైనా ఆడవాళ్ల గౌను) ఎక్కడ కుట్టించాలి, వెజిటేరియన్లు మంచి హోటల్లో ఏం తింటారు. ఈ సందేహాలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. నా లెక్కలో ఈ ఊళ్లో దర్జా పెట్టే ఖర్చులో కంటే ఎంచుకునే వేళలో ఎక్కువగా ఉంది. రాత్రి ఎనిమిదికి తోపులాటలా ఉండే బండ్, అంటే పాత రాతి భవనాలున్న నది ఒడ్డు, పొద్దున ఆరున్నరకు మీ సొంత వసారాలా ఉంటుంది. ఈ జవాబుల్లో చాలావాటికి మూలం అదే.

## బయల్దేరే ముందు

ఏ నెలలో వెళ్తే బాగుంటుంది?

అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ చివరి దాకా. ఎండ మెత్తగా ఉంటుంది, కోటు వేసుకున్నా చెమట పట్టదు, పాత ఫ్రెంచ్ పేటలో చెట్లు పసుపు రంగుకు తిరుగుతాయి. ఆ తర్వాత నా ఓటు మార్చి చివరి వారాలకు, ఏప్రిల్‌కు. షాంఘై ఫ్యాషన్ వీక్ ఏటా రెండుసార్లు, మార్చి–ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ జరుగుతుంది. షోలకు పాస్ లేకపోయినా షిన్‌తియాన్‌దీ అనే షాపింగ్ పేట చుట్టుపక్కల ఓ గంట కూర్చుంటే వచ్చేపోయేవాళ్ల బట్టలే చూడముచ్చటగా ఉంటాయి. జూన్ మధ్య నుంచి జూలై మొదట్లో వరకు ముసురు. ఆ తర్వాత ఆగస్టు చివరి దాకా ఉక్కపోత, మన విజయవాడకేం తీసిపోదు. అక్టోబర్ 1 నుంచి వచ్చే జాతీయ సెలవుల వారం, మే డే సెలవులు మాత్రం తప్పించండి. దేశం దేశమంతా ఆ రోజుల్లోనే ప్రయాణం పెట్టుకుంటుంది.

ఇండియన్ పాస్‌పోర్ట్‌కి వీసా కావాలా? అమెరికాలో ఉండేవాళ్లకి అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉంటే ముందే టూరిస్ట్ వీసా తీసుకోవాలి. మీరు విన్నది దారిలో 240 గంటలు, అంటే పది రోజులు, వీసా లేకుండా ఆగనిచ్చే ట్రాన్సిట్ సదుపాయం గురించి. 2024 డిసెంబర్ నుంచి అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా సహా 50కి పైగా దేశాల పాస్‌పోర్టులకు ఇది వర్తిస్తోంది, ఆ జాబితాలో ఇండియా లేదు. గ్రీన్ కార్డ్ చేతిలో ఉన్నా లాభం లేదు, పాస్‌పోర్టే లెక్క. ఇంకో షరతు: ఒక దేశం నుంచి వచ్చి మరో దేశానికి వెళ్లిపోవాలి. డల్లాస్ నుంచి హైదరాబాద్‌కు వస్తూ దారిలో షాంఘైలో నాలుగు రోజులు ఆగితే కుదురుతుంది. డల్లాస్ నుంచి వచ్చి తిరిగి అమెరికాకే వెళ్తే కుదరదు. నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొట్టే ముందు ఒకసారి చూసుకోండి.

బట్టలు ఏం సర్దుకోవాలి? అక్కడ అందరూ మోడళ్లలా ఉంటారట కదా?

అందరూ కాదు. కానీ ఆన్‌ఫూ రోడ్ మీద శనివారం మధ్యాహ్నం నిలబడితే అలాగే అనిపిస్తుంది. షాంఘై వాళ్ల పద్ధతి మెరుపు తక్కువ, కుట్టు ఎక్కువ. ఒంటికి సరిపోయిన కోటు, శుభ్రమైన బూట్లు, ఒక్క మంచి బ్యాగు ఉంటే చాలు. రోజూ చాలా దూరం నడుస్తారు కాబట్టి కొత్త చెప్పులు వద్దు. పెద్ద హోటళ్ల బార్లలో రాత్రిపూట షార్ట్స్, స్లిప్పర్లతో వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేయవచ్చు. చీర కట్టుకోవచ్చా అని అడుగుతారు కొందరు. నిక్షేపంగా కట్టుకోండి. మంగళగిరి చీరలో బండ్ మీద నడిస్తే ఫొటో అడిగేవాళ్లు వస్తారు, దానికి సిద్ధపడే వెళ్లండి.

డబ్బులు ఎలా కట్టాలి? మన కార్డులు పనిచేస్తాయా?

కాఫీ కొట్టు నుంచి కూరగాయల బండి దాకా అంతా క్యూఆర్ కోడే. ఇండియాలో ఉండగానే అక్కడ డబ్బు కట్టే యాప్‌లు అలీపే, వీచాట్ రెండూ డౌన్‌లోడ్ చేసి, పాస్‌పోర్ట్ వివరాలిచ్చి, వీసా లేదా మాస్టర్‌కార్డ్ జత చేసుకోండి. కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉందో లేదో చూడండి. రూపే, యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. 200 యువాన్ల లోపు చెల్లింపులకు అదనపు రుసుము లేదు, ఆ పైన 3 శాతం పడుతుంది. ఒక యువాన్ అంటే సుమారు 12–13 రూపాయలు. ఫోన్ చార్జింగ్ అయిపోతే డబ్బు అయిపోయినట్టే కాబట్టి పవర్‌బ్యాంక్, కొంత నగదు దగ్గర ఉంచుకోండి.

వాట్సాప్, ఇన్‌స్టా పనిచేయవట. మరి ఫొటోలు ఎలా పెట్టాలి?

చైనా సిమ్‌తోనూ హోటల్ వైఫైతోనూ గూగుల్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ రావు. మన సిమ్ మీద అంతర్జాతీయ రోమింగ్ ప్యాక్ వేసుకుంటే లేదా బయల్దేరే ముందే విదేశీ ఈసిమ్ కొనుక్కుంటే మామూలుగా వస్తాయి. దారి కోసం గూగుల్ మ్యాప్స్ వద్దు, అక్కడ అది నమ్మదగింది కాదు. అమాప్ అనే చైనా మ్యాప్ యాప్‌లో ఇంగ్లిష్ ఉంది, ఐఫోన్ ఉంటే ఆపిల్ మ్యాప్స్ కూడా బాగానే పనిచేస్తుంది.

హోటల్ ఏ పేటలో తీసుకోవాలి?

నడక ఇష్టమైతే పాత ఫ్రెంచ్ పేట, అంటే హువాయ్‌హాయ్ రోడ్డు చుట్టుపక్కల. షాపింగ్ కోసమే వెళ్తుంటే జింగ్‌ఆన్. కిటికీలోంచి ఆకాశహర్మ్యాలు కనబడాలంటే బండ్ వైపు గది తీసుకోండి, నదికి అవతలి ఒడ్డున ఉన్న పుడోంగ్ వైపు కాదు. పుడోంగ్ టవర్లలో ఉంటే ఆ టవర్లే మీకు కనబడవు.

## దిగిన రోజు

ఎయిర్‌పోర్ట్ నుంచి మాగ్లెవ్ రైలు ఎక్కడం వర్త్ అంటారా?

ఒక్కసారికి, అవును. అయస్కాంత శక్తితో పట్టాకు తగలకుండా తేలుతూ పోయే రైలు ఇది. పుడోంగ్ విమానాశ్రయం నుంచి లోంగ్‌యాంగ్ రోడ్ దాకా 30 కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు, 50 యువాన్లు. అదే రోజు విమానం టికెట్ చూపిస్తే 40. ఒకప్పుడు గంటకు 431 కిలోమీటర్ల దాకా వెళ్లేది, ఇప్పుడు 300 దగ్గరే ఆపుతున్నారు. అది దించేది ఊరి మధ్యలో కాదు, అక్కడి నుంచి మళ్లీ మెట్రో పట్టుకోవాలి. రెండు పెద్ద సూట్‌కేసులుంటే ఈ ముచ్చట తిరుగు ప్రయాణానికి వాయిదా వేసి ట్యాక్సీ ఎక్కండి.

మొదటి సాయంత్రమే బండ్‌కి వెళ్లిపోవాలా?

దీపాలు చూడాలంటే వెళ్లండి, కానీ తూర్పు నాన్‌జింగ్ రోడ్ స్టేషన్లో దిగి జనంతోపాటు కొట్టుకుపోవద్దు. బండ్‌కు కాస్త దక్షిణంగా ఉన్న ఫెర్రీ రేవుకు నడిచి, తూర్పు ఒడ్డున డోంగ్‌చాంగ్ రోడ్ రేవుకు వెళ్లే పడవ ఎక్కండి. టికెట్ 2 యువాన్లు. సైకిళ్లు, స్కూటర్లతో ఇళ్లకు పోయేవాళ్ల మధ్య నిలబడి రెండు ఒడ్డుల దీపాలూ చూస్తారు. వందల యువాన్లు పోసి ఎక్కే టూరిస్ట్ పడవ కంటే నాకు ఇదే ముద్దు. దీపాలు మామూలుగా రాత్రి పదింటికి ఆరిపోతాయి.

రాతి భవనాలను చూడాలంటే మాత్రం పొద్దున్నే రావాలి. 1923 నాటి హాంకాంగ్ షాంఘై బ్యాంకు భవనం, పక్కనే 1927 నాటి గడియార స్తంభంతో కస్టమ్స్ హౌస్, కొంచెం ముందుకు వెళ్తే ఆకుపచ్చ రాగి కప్పు పెట్టుకున్న పీస్ హోటల్. ఆ వేళకు తాయ్‌చీ అనే నెమ్మది వ్యాయామం చేసే పెద్దవాళ్లు, గాలిపటాలు ఎగరేసేవాళ్లు, పెళ్లి ఫొటోలకు వచ్చిన జంటలు తప్ప ఎవరూ ఉండరు.

## పగటి పూట

వూకాంగ్ రోడ్‌లో ఏముందని అందరూ వెళ్తున్నారు?

చెట్లు, ఇళ్లు. ఇది 1849 నుంచి ఇంచుమించు వందేళ్లు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న పేట. దారికి రెండువైపులా ప్లేన్ అనే జాతి చెట్లు పైన కొమ్మలు కలిపి పందిరి వేస్తాయి. వీధి దక్షిణపు కొసన, హువాయ్‌హాయ్ రోడ్ కూడలిలో, ఓడ ముక్కులా నిలబడ్డ ఎర్రటి భవనం వూకాంగ్ మాన్షన్. హంగరీ మూలాలున్న వాస్తుశిల్పి లాస్లో హుడెక్ గీసింది, 1924లో కట్టారు. ఫొటోలన్నీ దానివే. ఎదుటి పేవ్‌మెంట్ మీద శని, ఆదివారాల్లో పోలీసులు జనాన్ని అదిలిస్తూ ఉంటారు. మంగళవారమో బుధవారమో పొద్దున ఎనిమిదింటికి వెళ్తే ఫ్రేములో మీరొక్కరే.

అక్కడ ఫొటో తీసుకుని వెనక్కి తిరిగిపోకండి. అసలు నడక ఆ తర్వాతే. వూకాంగ్ రోడ్ మీదుగా ఉత్తరానికి వచ్చి ఆన్‌ఫూ రోడ్, అక్కడి నుంచి వూయువాన్ రోడ్, ఓపిక ఉంటే ఫూమిన్, జూలూ రోడ్ల దాకా. సందులోకి తొంగి చూస్తే వెదురు గడల మీద ఆరేసిన దుప్పట్లు, కింద కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్న ముసలమ్మ, పక్క గుమ్మంలో ఖరీదైన సెంట్ల షాపు. ఆ రెండూ ఒకే గోడను పంచుకోవడమే ఈ పేట అందం. ఇళ్లలో జనం ఉంటున్నారు, గేట్లు దాటి లోపలికి వెళ్లి ఫొటోలు తీయకండి.

ఏప్రిల్ చివర, మే నెలలో ఆ చెట్ల నుంచి నూగు రాలి గాలిలో ఎగురుతుంది. ఎలర్జీ ఉన్నవాళ్లు మాస్కు, కళ్లజోడు పెట్టుకోండి. మావ్‌మింగ్ రోడ్, నాన్‌చాంగ్ రోడ్ కలిసే మూలన ఠాగూర్ విగ్రహం కనబడితే ఆశ్చర్యపోవద్దు. 1924లో ఆయన ఈ ఊరికి వచ్చారు.

కాఫీ షాపుల సంగతేంటి? చైనా అంటే టీ కదా?

షాంఘైలో 9,000కు పైగా కాఫీ షాపులున్నాయి, ప్రపంచంలో మరే నగరంలోనూ ఇన్ని లేవంటారు. పశ్చిమ నాన్‌జింగ్ రోడ్ మీది స్టార్‌బక్స్ రోస్టరీ 2017లో తెరిచినప్పుడు ప్రపంచంలోనే అతి పెద్ద స్టార్‌బక్స్. చూడ్డానికి బాగుంటుంది, కానీ రైల్వే స్టేషన్ రద్దీ. ఊరి అసలు అలవాటు మానర్ లాంటి చిన్న కొట్లలో కనిపిస్తుంది. 2015లో ఇక్కడే, ఒక్క మనిషి నిలబడేంత జాగాలో మొదలైంది. సొంత కప్పు తీసుకెళ్తే ధర తగ్గిస్తారు. మెట్ల మీద కూర్చుని తాగేవాళ్లను చూస్తూ మీరూ కూర్చోండి. మన ఫిల్టర్ కాఫీ చిక్కదనం అలవాటైనవాళ్లకు అమెరికానో నీళ్లలా అనిపిస్తుంది, పాలు కలిపిన ఫ్లాట్ వైట్ అడగండి.

ఆర్ట్ గురించి నాకేమీ తెలియదు. మ్యూజియాలకు వెళ్లాలా?

భవనాల కోసం వెళ్లండి. పశ్చిమ బండ్ అనే నదీతీరం ఒకప్పుడు బొగ్గు, చమురు, విమానాల జాగా. ఇప్పుడు లాంగ్ మ్యూజియం పాత బొగ్గు దింపుడు వంతెన చుట్టూ 2014లో లేచింది. విమానాలకు ఇంధనం నింపే ట్యాంకులు ట్యాంక్ షాంఘై అనే గ్యాలరీలయ్యాయి. పారిస్‌లోని పాంపిడూ సెంటర్ అనే ఆధునిక కళా కేంద్రంతో కలిసి నడిచే వెస్ట్ బండ్ మ్యూజియం కూడా ఆ వరసలోదే. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, నది పక్కనే నడుస్తూ సూర్యాస్తమయానికి ముగిస్తే అంతకంటే మంచి పూట ఉండదు.

ఒక్కటే చూసే టైముంటే పవర్ స్టేషన్ ఆఫ్ ఆర్ట్. పాత కరెంటు కేంద్రం, 165 మీటర్ల పొగగొట్టం అలాగే ఉంది. 2012లో తెరిచారు, చైనాలో ప్రభుత్వం నడిపే మొదటి సమకాలీన కళా మ్యూజియం ఇదే. చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. పాస్‌పోర్ట్ చేతిలో ఉంచుకోండి.

ఏ టవర్ ఎక్కాలి?

ఎత్తే ముఖ్యమైతే షాంఘై టవర్. 632 మీటర్లు, చైనాలో అన్నిటికంటే ఎత్తు, చూసే అంతస్తు 118వది. మబ్బు పట్టిన రోజు టికెట్ కొంటే తెల్లటి గోడ చూసి దిగుతారు. కింద నిలబడి కొస కనబడకపోతే ఎక్కొద్దు. నా సలహా పక్కనున్న జిన్‌మావ్ టవర్. దాని 87వ అంతస్తులో హోటల్ బార్ ఉంది, టికెట్ డబ్బుతో ఒక డ్రింక్ తీసుకుని కూర్చునే చూడొచ్చు. మద్యం తాగనివాళ్లకు మాక్‌టెయిల్స్ ఉంటాయి.

అమ్మానాన్నలతో వెళ్తున్నాం. వాళ్లకు ఈ కాఫీలూ బార్లూ నచ్చవు.

యూ గార్డెన్‌కు పొద్దున గేటు తీసేసరికే తీసుకెళ్లండి. 1559లో ఒక మింగ్ కాలపు అధికారి తండ్రి విశ్రాంతి కోసం మొదలుపెట్టిన తోట అది. ఆ కథ చెబితే నాన్నగారికి మరీ నచ్చుతుంది. పక్కనే తొమ్మిది వంపుల వంతెన మధ్య చెరువులో నిలబడ్డ టీ హౌస్ ఉంది. పై అంతస్తులో కిటికీ దగ్గర కూర్చుని వేడి టీ తాగుతూ గంట గడపొచ్చు. పదిన్నర దాటితే వంతెన మీద అడుగు పెట్టలేరు.

## తిండి

నేను ప్యూర్ వెజ్. మంచి రెస్టారెంట్లో కూర్చుని తినే యోగం ఉందా?

బాగా ఉంది. బౌద్ధ శాకాహారం ఇక్కడ పాత సంప్రదాయం. పశ్చిమ నాన్‌జింగ్ రోడ్ మీది గోంగ్‌దలిన్ 1922 నుంచి నడుస్తోంది. బాతు, పీత పేర్లతో ప్లేట్లు వస్తాయి, కంగారుపడొద్దు, అంతా సోయా, పుట్టగొడుగులే. ఖర్చుకు వెనకాడకపోతే యూయువాన్ రోడ్‌లోని ఫూ హ హుయ్ మిషలిన్ గుర్తింపు ఉన్న శాకాహార రెస్టారెంట్, ఒక్కో ఐటమ్ చిత్రపటంలా వడ్డిస్తారు. చవకలో కావాలంటే జేడ్ బుద్ధ ఆలయంలో పుట్టగొడుగుల నూడుల్స్.

మామూలు హోటల్లో 'వెజ్' అంటే కూరగాయలున్నాయని అర్థం, మాంసం లేదని కాదు. బెండకాయ మీద కూడా పోర్క్ పొడి చల్లగలరు. 'వో చీ సూ' అని చెప్పండి, శాకాహారిని అని. చేప, గుడ్డు, మాంసం పులుసు ఏవీ వద్దని చైనీస్‌లో రాసిన చీటీ ఫోన్‌లో పెట్టుకుని చూపించడం ఇంకా మేలు. ఉల్లి, వెల్లుల్లి తినని ఇళ్లవాళ్లకు ఒక తీపి కబురు: బౌద్ధ వంటశాలలు చాలావరకు అవీ వాడవు.

నాన్‌వెజ్ తింటాను కానీ పోర్క్ ముట్టను. షావ్‌లోంగ్‌బావ్ తినొచ్చా?

ఆ పులుసు కుడుముల్లో ఉండేది మామూలుగా పోర్కే, పీత అని రాసినదాంట్లోనూ కలుస్తుంది. రొయ్యల డంప్లింగ్స్ వేరుగా అడిగి తెలుసుకోండి. ల్యాంజౌ నూడుల్స్ దుకాణాలు ముస్లింలు నడిపేవి, అక్కడ పోర్క్ ఉండదు కానీ పులుసు బీఫ్‌ది.

ఆ ఫేమస్ సీతాకోకచిలుక బిస్కెట్ ఎక్కడ?

పార్క్ హోటల్ వెనక వీధిలోని బేకరీ కిటికీ దగ్గర. 1934లో ఆసియాలోనే ఎత్తైన భవనంగా లేచిన హోటల్ అది, అదీ హుడెక్ గీసిందే. క్యూ పొడుగ్గా ఉంటుంది, త్వరగా కదులుతుంది. వెన్న పొరలు పెళపెళలాడతాయి, అంచుల్లో పంచదార పాకంలా గట్టిపడి ఉంటుంది. ఇంటికి తెచ్చేసరికి పొడైపోతుంది, అక్కడే తినేయండి.

## రాత్రి పూట

జాజ్ వినాలని ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

1920లు, 30లలో షాంఘై ఆసియా జాజ్‌కు రాజధాని. 1929లో విక్టర్ సాసూన్ కట్టించిన కాథే హోటలే నేటి పీస్ హోటల్, అందులోని జాజ్ బార్‌లో నెరిసిన జుట్టు వాద్యకారుల బ్యాండ్ ఏళ్లుగా వాయిస్తోంది. వాళ్ల వాయింపు గొప్పదా అంటే కాదు. స్వరం అక్కడక్కడా జారుతుంది, కానీ ఆ గోడల మధ్య ఆ జారడమే బాగుంటుంది. ఒక డ్రింక్‌కు మీరు ఊహించినదానికంటే ఎక్కువే అవుతుంది. సంగీతం మీదే మనసున్నవాళ్లకు జేజీ క్లబ్ మేలు.

ఆడపిల్లని, ఒంటరిగా వెళ్తున్నాను. రాత్రి తిరగడం సేఫేనా?

సేఫ్. పదకొండింటికి కూడా వీధుల్లో ఆడవాళ్లు మామూలుగా నడుస్తుంటారు. మెట్రో ఆఖరి రైళ్లు పదిన్నర ప్రాంతంలోనే మొదలవుతాయి కాబట్టి ఆ తర్వాతకు అలీపేలోనే దీదీ క్యాబ్ బుక్ చేసుకోవచ్చు. రోడ్డు దాటేటప్పుడు చప్పుడు చేయని ఎలక్ట్రిక్ స్కూటర్లే పెద్ద ప్రమాదం. బండ్, నాన్‌జింగ్ రోడ్ మీద చక్కటి ఇంగ్లిష్‌లో పలకరించి 'టీ వేడుకకు వస్తావా' అని పిలిచే జంటల వెంట మాత్రం పోవద్దు. నాలుగు కప్పుల టీకి వేలల్లో బిల్లు చేతిలో పెడతారు.

బార్‌లో టిప్ ఎంత ఇవ్వాలి?

ఇవ్వక్కర్లేదు. పెద్ద హోటళ్లలో సర్వీస్ చార్జి బిల్లులోనే ఉంటుంది.

## కుట్టించుకోవడం, కొనుక్కోవడం

చిపావ్ కుట్టించుకోవాలని ఎప్పటినుంచో కోరిక. ఎన్ని రోజులు పడుతుంది?

ఇది మీరు ఎవరి దగ్గరికి వెళ్తారన్నదాని మీద ఉంటుంది. చాంగ్లే రోడ్, మావ్‌మింగ్ రోడ్‌లలోని పాత తరహా దర్జీలు రెండు మూడుసార్లు తొడిగి చూసి వారాల మీద కుడతారు, ధర కూడా ఆ స్థాయిలోనే. లుజియాబాంగ్ రోడ్ మీద మూడంతస్తుల బట్టల మార్కెట్లో మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. కాబట్టి కుట్టించే పని మొదటి రోజే పెట్టుకోండి. కొలతలు, ట్రయల్, సవరణ అన్నిటికీ చోటుంటుంది.

మార్కెట్లో వరస ఇలా ఉంటుంది. దర్జీ టేపు తీసి మెడ నుంచి మోకాలి దాకా ఇరవైకి పైగా కొలతలు చకచకా రాసుకుంటుంది. ధర కాల్‌క్యులేటర్ మీద కొట్టి చూపిస్తుంది, మీరు సగానికి కాస్త పైన కొట్టి తిరిగివ్వండి, నవ్వుతూనే. కొంత అడ్వాన్సు ఇచ్చి, గుడ్డ ముక్క కత్తిరించి రసీదుకు పిన్ను పెట్టించుకోండి. ట్రయల్ రోజు అద్దం ముందు నిలబడి సరిపెట్టుకోవద్దు. కుర్చీలో కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి, వంగి చెప్పు తొడుక్కోండి. చిపావ్ బిగుసుకునేది చంకల దగ్గర, తుంటి దగ్గర, మెడ పట్టీ దగ్గర. కూర్చున్నప్పుడు పక్క చీలిక ఎంత పైకి వస్తుందో అప్పుడే తెలుస్తుంది. ముడి బొత్తాలు చేత్తో కుట్టినవా, అంటించినవా అని గోటితో కదిపి చూడండి.

మెరిసే డ్రాగన్ బ్రొకేడ్ వద్దు, అది టూరిస్టుల యూనిఫామ్. సాదా పట్టు, లినెన్ లేదా శ్యాంగ్‌యున్‌షా అడగండి. ఇది గ్వాంగ్‌డోంగ్ పట్టు, ఒక దుంప రసంలో ముంచి, నది బురద పూసి ఎండబెడతారు, ఒకవైపు నల్లగా ఒకవైపు గోధుమ రంగులో వస్తుంది. వేడికి చల్లగా ఉంటుంది కాబట్టి మన వాతావరణానికి సరిపోతుంది. గుడ్డ మన దేశం నుంచి తీసుకెళ్లినా కుడతారు. పోచంపల్లి ఇకత్ రెండున్నర మూడు మీటర్లు సూట్‌కేసులో పెట్టుకుంటే ఆ చిపావ్ ఇంకెవరి దగ్గరా ఉండదు.

మగవాళ్లకు సూట్?

అదే మార్కెట్లో కుడతారు. మీకు బాగా సరిపోయే పాత సూట్ ఒకటి పట్టుకెళ్లి, ఇలాగే కావాలనండి. మాటలతో వివరించడం కంటే అది నయం. కాష్మీర్ అని చెప్పే కోటు గుడ్డను చెప్పినంత నమ్మొద్దు, నచ్చితే మామూలు ఉన్ని ధరకే బేరమాడండి.

బ్రాండెడ్ బ్యాగులు అక్కడ చవకా?

కాదు, దిగుమతి సుంకాల వల్ల యూరప్ కంటే ప్రియం. పశ్చిమ నాన్‌జింగ్ రోడ్‌లో ఓడ ఆకారంలో కట్టిన లూయీ విట్టాన్ భవనం ముందు ఫొటో దిగి ముందుకు నడవండి. ఆ డబ్బు చైనా డిజైనర్ల మీద పెట్టండి. ఊమా వాంగ్ నేత గుడ్డలు, షుషు టోంగ్ అమ్మాయిల గౌన్లు, 1997లో షాంఘైలోనే మొదలైన ఐసికిల్ కోట్లు మన దగ్గర దొరకవు. సువాసనలంటే ఇష్టమైతే హునాన్ రోడ్‌లోని పాత బంగ్లాలో టు సమర్ దుకాణం ఉంది. పారిజాతాన్ని తలపించే ఓస్మాంథస్ పూల వాసన ఒకసారి చూడండి.

ఆఫీసు వాళ్లకు, చుట్టాలకు ఏం తేవాలి?

వైట్ రాబిట్ పాల టాఫీలు. లోపలి పల్చటి కాగితం బియ్యంతో చేసింది, దాంతోనే తినేయొచ్చు. జెలటిన్ ఉంటుంది కాబట్టి శాకాహారులకు టీ పొట్లాలు ఇవ్వండి.

ట్యాక్స్ రీఫండ్ వస్తుందా?

వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒకే రోజు ఒకే దుకాణంలో 200 యువాన్లు కొన్నా అర్హతే, ఇంతకుముందు 500 ఉండేది. దుకాణం మీద రీఫండ్ గుర్తు చూసి కొనండి, పాస్‌పోర్ట్ చూపించి ఫారం అడగండి. విమానాశ్రయంలో లగేజీ చెకిన్ చేయకముందే కస్టమ్స్ వాళ్లకు సరుకు చూపించాలి. చాలామంది సూట్‌కేసు పంపేశాక ఫారం బయటకు తీస్తారు. అప్పటికి ఆ డబ్బు పోయినట్టే. చిపావ్ లాంటి కొలత బట్టలకు మార్కెట్లో ఈ ఫారం ఇవ్వరు, అది బేరంలోనే చూసుకోవాలి.